మిద్దె మీదికి వచ్చే చిరుత: ఐదేళ్ళ పాప మాటలను ఎలా వినాలి

అమ్మా, మీ ప్రశ్నను నిదానంగా చదివాను. ఇతర తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుంది కనుక ముందుగా దాని సారాంశం చెబుతాను. మీ పాపకు ఐదున్నరేళ్ళు. మీ ఇల్లు అలిపిరి వైపు, కొండకు దగ్గరలో ఉంది. రాత్రిపూట మిద్దె మీదికి ఒక చిరుతపులి వస్తుందనీ, దాని పేరు చుక్కమ్మ అనీ, అది తనతో మాట్లాడుతుందనీ పాప కొంతకాలంగా చెబుతోంది. తన రాగిసంగటి ముద్దలో కొంత తీసి సాయంత్రం మిద్దె మెట్ల మీద పెడుతోంది. పోయిన వారం బడిలో "చిరుత నన్ను కరిచింది" అని చెప్పడంతో తోటి పిల్లల తల్లిదండ్రులు కంగారుపడి మీకు ఫోన్లు చేశారు. ఇవన్నీ పచ్చి అబద్ధాలనీ, కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చేయిస్తే నిజం బయటపడుతుందనీ మీవారు అంటున్నారు. బిడ్డ దడుసుకుందనీ, మంత్రం వేయించి తాయెత్తు కట్టించాలనీ మీ అత్తగారు అంటున్నారు. ఇది మనోవ్యాధికి మొదలేమోనన్నది మీ భయం.

మీరు రాసిన వివరాలలో మనోవ్యాధిని సూచించేదేదీ నాకు కనిపించలేదు. పెద్దల విషయంలో అబద్ధం అనే మాటను మనం ఏ అర్థంలో వాడుతామో ఆ అర్థంలో ఇది అబద్ధమూ కాదు. తిరుపతిలో చిన్నపిల్లల ఆట, మాట, ప్రవర్తనలకు సంబంధించిన సలహాదారుగా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇటువంటి ఇబ్బందితో వచ్చే కుటుంబాలలో నేను ఎక్కువగా గమనించింది ఒకటే: ఊహకూ నిజానికీ నడుమ హద్దు పిల్లలకు మనం అనుకునేదానికంటే బాగానే తెలుసు, ఆ హద్దును చెరిపివేసేవి మొదట భయం, ఆ తరువాత అంతకంటే బలంగా పెద్దలు మళ్ళీ మళ్ళీ వేసే ప్రశ్నలు. మీరు రాసిన దానిలోనే దీనికి సాక్ష్యం ఉంది. దాని దగ్గరికి తరువాత వస్తాను.

అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. వేరే ఊరిలో ఒక పాప మిద్దె మీద చిరుతను చూశానంటే అది ఊహే అనుకుని ముందుకు పోవచ్చు. మన ఊరిలో అలా అనుకోవడానికి వీలులేదు. శేషాచలం కొండలలో చిరుతలు ఉన్నాయి, అవి కొండ అంచున ఉన్న వీధుల వైపు, విశ్వవిద్యాలయాల ప్రాంగణాల వైపు వచ్చినట్లు వార్తలు వస్తూనే ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. కనుక ఒకసారి పగటివేళ మీరూ మీవారూ మిద్దె, మెట్లు, ప్రహరీ గోడ చుట్టూ చూడండి. అడుగుజాడలు గాని, కుక్కలు అదే చోట అదే వేళ అదేపనిగా మొరగడం గాని గమనిస్తే అటవీశాఖ వారికి తెలియజేయండి. పాపకు తెలిసేలా వెతకవద్దు. ఏమీ కనిపించకపోయినా చీకటి పడ్డాక మిద్దె తలుపు మూయడం, పిల్లలు ఒంటరిగా పైకి పోకపోవడం ఇంటి నియమంగా పెట్టుకోండి. ఈ నియమం ఇంట్లో అందరికీ వర్తిస్తుందని, దీనికీ చుక్కమ్మకూ సంబంధం లేదని పాపకు అర్థమయ్యేలా ఒకే ఒక్కసారి, మామూలు గొంతుతో చెప్పండి.

ఆ పాత విషాదాన్ని ప్రస్తావించడానికి మరో కారణం కూడా ఉంది. అది జరిగినప్పటి నుంచి మన ఊరి ఇళ్ళలో చిరుత మాట ఆగలేదు. బోన్లు పెట్టి చిరుతలను పట్టుకోవడం, నడకదారిలో పిల్లల విషయంలో వేళల నిబంధనలు, భక్తుల చేతికి కర్రలు ఇవ్వడం, ఇవన్నీ టీవీలో వచ్చాయి, ఇంటింటా మాట్లాడుకున్నారు. పిల్లలు ఆడుకుంటూ ఉంటే వినడం లేదని మనం అనుకుంటాం. చిరుతలు తిరిగే కొండ కింద పుట్టి, దాని గురించి పెద్దలు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం వింటూ పెరిగిన బిడ్డ, ఆ మృగానికి ఒక పేరు పెట్టి, దానికి సంగటి పెట్టి, దానితో స్నేహం చేయడం నాకు విడ్డూరంగా తోచదు. తనకు అందని, తనను భయపెట్టే ఒకదాన్ని మచ్చిక చేసుకోవడానికి ఆ వయసులో బిడ్డ చేతిలో ఉన్న సాధనం ఆట ఒక్కటే.

ఇక పాపకు నిజం తెలుసా, తెలియదా అన్న ప్రశ్నకు వద్దాం. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త జీన్ పియాజే 1920లలో చిన్నపిల్లల ఆలోచనలపై రాసినప్పుడు, ఆరేళ్ళలోపు పిల్లలు కలను కూడా గదిలోకి బయటినుంచి వచ్చే వస్తువులా భావిస్తారని, మనసులోనిదీ బయటిదీ వారికి కలగలిసి ఉంటాయని అభిప్రాయపడ్డాడు. ఆ అభిప్రాయం చాలా కాలం నిలిచింది. తరువాతి పరిశోధకులు పిల్లలకు అర్థమయ్యే విధంగా ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాక చిత్రం మారింది. 1986లో హెన్రీ వెల్మన్, డేవిడ్ ఎస్టెస్ మూడేళ్ళ పిల్లలకు ఇద్దరు బాలుర గురించి చెప్పారు. ఒకరి దగ్గర బిస్కెట్ ఉంది, మరొకరు బిస్కెట్ గురించి ఆలోచిస్తున్నారు. ఎవరు దాన్ని తాకగలరు, ఎవరు తినగలరు అని అడిగితే ఆ చిన్నవాళ్ళలో ఎక్కువమంది సరిగానే చెప్పారు. మరుసటి ఏడాది అలన్ లెస్లీ ఇంకో సంగతిని వివరించాడు. తల్లి అరటిపండును చెవి దగ్గర పెట్టుకుని ఫోనులా మాట్లాడితే రెండేళ్ళ బిడ్డ నవ్వుతుంది, తానూ అలాగే ఆడుతుంది, అంతమాత్రాన అరటిపండు అంటే ఏమిటో, ఫోను అంటే ఏమిటో దానికి తారుమారు కావు. ఆటలోని అర్థాన్ని అసలు అర్థం నుంచి వేరుచేసి పక్కన ఉంచుకునే శక్తి ఏడాదిన్నర, రెండేళ్ళ వయసు నుంచే మొదలవుతుంది.

మీ పాపనే గమనించండి. చుక్కమ్మకు సంగటి పెట్టిన తరువాత, పొద్దున ఆ సంగటి అలాగే ఉంటే ఏమీ ఆశ్చర్యపోకుండా "ఉత్తుత్తికి తినేసింది" అన్నదని మీరే రాశారు. నిజంగా ఒక జంతువు తిని పోతుందని నమ్మే బిడ్డ ముద్ద ఎందుకు తగ్గలేదని అడుగుతుంది, ఏడుస్తుంది, లేదా పాలు పెట్టమంటుంది. మీ పాప ఆ పని చేయలేదు. తనకు ఆకలైనప్పుడు చుక్కమ్మ ముద్దను ముట్టకుండా మీ దగ్గరికి వచ్చి అన్నం అడుగుతోంది. మీరు భయపడుతూ రాసిన ఈ చిన్న వివరాలు చదివినప్పుడు నాకు మాత్రం మనసు కుదుటపడింది.

ఇటువంటి ఊహాస్నేహితులు అరుదేమీ కాదు. ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్జరీ టేలర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, బొమ్మకు ప్రాణం పోసి మాట్లాడించడాన్ని కూడా కలుపుకుంటే, ఏడేళ్ళ వయసు వచ్చేసరికి సుమారు 65 శాతం పిల్లలకు ఏదో ఒక దశలో ఇటువంటి తోడు ఉన్నట్లు తేలింది. వారిలో చాలామంది, పెద్దలు మరీ శ్రద్ధగా వివరాలు రాసుకుంటూ ఉంటే, ఇది నిజం కాదు సుమా అని తామే గుర్తుచేస్తారని కూడా ఆమె రాసింది. ఒంటరితనం వల్లనే ఇలా చేస్తారనే మాట మన దగ్గర బాగా వినిపిస్తుంది. మీ అత్తగారి తరఫు బంధువులు "ఇంకో బిడ్డ ఉంటే ఇలా ఉండేది కాదు" అన్న మాటకు మీరు నొచ్చుకున్నట్లున్నారు. తోబుట్టువులు, స్నేహితులు ఉన్న పిల్లలూ, కలివిడిగా తిరిగే పిల్లలూ ఊహాస్నేహితులను కల్పించుకుంటారు. ఆ మాటను మనసులో పెట్టుకోవలసిన పనిలేదు.

తిరుపతి వారికి ఈ సంగతిని వివరించడానికి పరదేశపు ప్రయోగాల అవసరం అంతగా లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజులలో మన వీధులను చూస్తే చాలు. సాధారణంగా మే నెలలో జరిగే ఆ జాతరలో ఒళ్ళంతా తెల్లని నామంసుద్ద పూసుకున్న బైరాగి వేషం, కుంకుమ పూసుకున్న బండ వేషం, బొగ్గుపొడి పూసుకున్న తోటి వేషం, గంధం పూసుకున్న దొర వేషం ఒక్కొక్క రోజున ఒక్కొక్కటిగా నడుస్తాయి. మగవారు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. ఆ కథే వేషాల కథ: దాక్కున్న పాలెగాణ్ణి వెతకడానికి అమ్మవారు వేషం మీద వేషం వేసింది. జాతరలో చీర కట్టిన మనిషి పక్కింటి చిన్నాయనే అని ఆ ఇంటి పిల్లలకు తెలుసు. అయినా ఆయన వాకిట్లోకి వస్తే దండం పెడతారు. ఆ రెండు తెలివిడులు ఒకదాన్నొకటి కొట్టివేయవు, పిల్లలలోనూ, పెద్దలలోనూ. మన ఊరు ఏడాదికొకసారి బాహాటంగా చేసే పనిని మీ పాప మెట్ల మీద ఒంటరిగా చేస్తోంది.

అయితే వయసును బట్టి ఇందులో తేడా ఉంది. జాతరకు ఎత్తుకుని తీసుకుపోయిన మూడేళ్ళ బిడ్డ, సొంత తండ్రి ముఖానికి కుంకుమ పూసుకుని వస్తే ఒక్కోసారి గుక్కపెట్టి ఏడుస్తుంది; మాట విన్నాక కూడా దగ్గరికి పోదు. ఆరేళ్ళ పిల్లవాడు అదే వేషాన్ని చూసి, కింద ఉన్న చొక్కా ఏ రంగుదో కనిపెట్టాలని వెంటపడతాడు. రీటా డెవ్రీస్ 1969లో వెలువరించిన అధ్యయనంలో ఇదే కనిపిస్తుంది. మేనార్డ్ అనే సాధువైన పిల్లిని పిల్లల చేత నిమిరించి, తరువాత దాని తలకు కుక్క ముఖం తొడిగితే, మూడేళ్ళవారిలో చాలామంది అది కుక్క అయిపోయిందనుకున్నారు, ఆరేళ్ళకు దగ్గరైనవారు లోపల ఉన్నది పిల్లేనని గట్టిగా చెప్పారు. కంటికి కనిపించే రూపం వెనుక మారని వస్తువు ఉంటుందన్న జ్ఞానం ఆ మూడేళ్ళ వ్యవధిలో నెమ్మదిగా స్థిరపడుతుంది. మీ పాప ఆ దారిలో చాలా దూరం వచ్చేసింది, ఇంకా కొంత మిగిలి ఉంది.

మిగిలి ఉన్న ఆ కొంత దూరంలోనే భయానికి చోటు ఉంది. పాల్ హారిస్, ఆయన సహచరులు 1991లో వెలువరించిన ప్రయోగాన్ని నేను తల్లిదండ్రులకు తప్పకుండా చెబుతాను. నాలుగేళ్ళ, ఆరేళ్ళ పిల్లలకు ఒక ఖాళీ పెట్టెను చూపించి, అందులో ఒక కుందేలు గాని, ఒక రాకాసి గాని ఉన్నట్లు ఊహించుకోమన్నారు. నిజంగా లోపల ఏముంది అంటే ఏమీ లేదని పిల్లలు స్పష్టంగా చెప్పారు. ఆ తరువాత పెద్దవారు కొద్దిసేపు గదిలోంచి బయటికి పోతామంటే రాకాసిని ఊహించుకున్న చిన్నవారిలో కొందరు పోవద్దని బతిమాలారు. ఒంటరిగా ఉన్నప్పుడు పెట్టెను తెరిచి చూసినవారు, దాని చుట్టూ తచ్చాడినవారు చాలామంది ఉన్నారు. ఏమీ లేదని తెలిసి కూడా, "ఒకవేళ ఉంటే?" అనే అనుమానం వారిని వదలలేదు. ఇది చిన్నతనపు లోపమని నేను అనను. దయ్యం కథ విన్న రాత్రి పెరట్లోకి పోవడానికి తోడు అడిగే పెద్దలు మన ఇళ్ళలో ఎంతమంది లేరు? మనసులో ఒక రూపం గట్టిగా మెదిలినప్పుడు అది జరగడానికి అవకాశం ఎక్కువగా ఉన్నట్లు అనిపించడం మనిషి స్వభావం. ఐదేళ్ళ బిడ్డకు దాన్ని అదుపు చేసుకునే అనుభవం తక్కువ, అంతే. కనుక పగలు చుక్కమ్మతో కులాసాగా ఆడుకునే పాప రాత్రి కరెంటు పోయినప్పుడు మిమ్మల్ని కరుచుకుని పడుకుంటే, పగటి ఆట నటన అనీ, రాత్రి భయమే అసలు సంగతి అనీ తేల్చవద్దు. రెండూ నిజమే.

ఇప్పుడు, ముందు చెప్పిన సాక్ష్యం దగ్గరికి వస్తాను. "కరిచింది" అన్న మాట పాప నోటి నుంచి ఎప్పుడు వచ్చిందో మీరు రాసిన వరుసలో చూడండి. మొదట్లో చుక్కమ్మ మాట్లాడేది, పాట వినేది, సంగటి తినేది. ఒక ఆదివారం మీవారు పాపను ఎదురుగా నిలబెట్టి "నిజం చెప్పు, ఎంత పెద్దగా ఉంది? పళ్ళు చూశావా? నిన్ను కరిచిందా?" అని అడిగారు. అప్పుడు పాప ఏమీ చెప్పలేదు. ఆ తరువాత రెండు మూడు సార్లు బంధువుల ఎదుట అవే ప్రశ్నలు వచ్చాయి, ఒకరు ఫోనులో వీడియో కూడా తీశారు. ఆ వారంలోనే బడిలో చిరుత కరిచింది. కరవడం అనే ఊహను పాపకు అందించింది మనమే. మీవారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు; బిడ్డ క్షేమం కోసం ఆరాటపడే తండ్రి అడిగే ప్రశ్నలే అవి. కాని వాటి ఫలితం ఎలా ఉంటుందో తెలియడం అవసరం.

మిషెల్ లైక్ట్‌మన్, స్టీఫెన్ సెసీ 1995లో వెలువరించిన అధ్యయనంలో సామ్ స్టోన్ అనే వ్యక్తి ఒక శిశువిహారానికి వచ్చి, రెండు నిమిషాలు తిరిగి, ఎవరికీ ఏ హానీ చేయకుండా వెళ్ళిపోయాడు. కొందరు పిల్లలకు ముందుగానే అతను వట్టి అజాగ్రత్త మనిషని కథలు చెప్పి ఉంచారు, తరువాతి వారాలలో "అతను పుస్తకాన్ని కోపంతో చింపాడా, పొరపాటున చింపాడా?" వంటి ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అడిగారు. చివరికి వారిలో మూడు, నాలుగేళ్ళవారిలో సగానికి పైగా జరగని నష్టాన్ని జరిగినట్లు చెప్పారు, కొందరైతే వివరాలతో సహా చెప్పారు. ఆ వీడియోలను చూసిన వృత్తి నిపుణులు సైతం ఏ బిడ్డ చెప్పింది నిజమో సరిగా పోల్చుకోలేకపోయారు. ముందస్తు కథలూ, సూచించే ప్రశ్నలూ లేకుండా మామూలుగా అడిగించుకున్న పిల్లలు మాత్రం దాదాపు పొరపాటు లేకుండా చెప్పారు. పిల్లల జ్ఞాపకం పనికిరాదని దీని అర్థం కాదు. జ్ఞాపకంలో ఒక దృశ్యం ఉన్నప్పుడు అది కంటితో చూసినదా, చెవితో విన్నదా, మనసులో అనుకున్నదా అని దాని మూలాన్ని గుర్తుపెట్టుకోవడం ఆ వయసులో ఇంకా బలపడలేదు. అదే ప్రశ్న పదిసార్లు వేస్తే పదిసార్లు ఆ దృశ్యాన్ని ఊహించుకోవలసి వస్తుంది, ఊహించిన ప్రతిసారీ అది మరికొంత చూసినట్లే తోస్తుంది.

కనుక ఈ రోజు నుంచి చుక్కమ్మ గురించి విచారణ ఆపండి. బంధువుల ముందు చెప్పించడం, వీడియో తీయడం పూర్తిగా మానండి. ఏదైనా తెలుసుకోవలసి వస్తే, ఇంట్లో సందడి లేని వేళ, ఒకే ఒక్కరు, "ఏం జరిగిందో నాకు చెప్పమ్మా" అని అడిగి ఊరుకోవాలి. పాప ఆగితే "ఆ తరువాత?" అనాలి. అవును, కాదు అనే జవాబు వచ్చే ప్రశ్న వేయకూడదు, పాప ఇంకా చెప్పని వివరాన్ని మనం అందించకూడదు. పాప "తెలియదు" అంటే ఆ జవాబును మెచ్చుకోవాలి. తెలియదని చెప్పడం కూడా ఒప్పుకోదగిన జవాబేనని పిల్లలకు ఎవరూ చెప్పరు.

మీవారి కాణిపాకం ఆలోచన గురించి గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. చిత్తూరు వైపు పెద్దల తగాదాలు వరసిద్ధి వినాయకుని ఎదుట ప్రమాణంతో తీరడం మనకు తెలిసిన సంగతే, ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. అయితే ప్రమాణం పనిచేయాలంటే, తాను చెప్పేది అబద్ధమని ఆ మనిషికి తెలిసి ఉండాలి, దేవుని ఎదుట దాన్ని చెప్పడానికి వెనుకాడాలి. పది ప్రశ్నల తరువాత కరిచిందని సగం నమ్ముతున్న బిడ్డ నిశ్చింతగా ప్రమాణం చేస్తుంది, అప్పుడు మీ చేతిలో ఏమీ మిగలదు. నమ్మకపోయినా, నాన్న ముఖం చూసి ఆయన ఏది వినాలనుకుంటున్నారో అదే అంటుంది. అన్నిటికీ మించి, బొజ్జగణపయ్యను తనకు శిక్ష వేసే దేవుడిగా ఆ రోజు నుంచి తలచుకుంటుంది. కాణిపాకానికి తప్పక తీసుకువెళ్ళండి, దర్శనానికి తీసుకువెళ్ళండి.

ఈ వయసు పిల్లలు నిజంగా అబద్ధాలు చెప్పరా అంటే, చెబుతారు. మూడేళ్ళకే మొదలుపెడతారు, ఎదుటివారికి తెలియనిది తనకు తెలుసునని అర్థమయ్యే కొద్దీ ఆ నేర్పు పెరుగుతుంది. కాని ఆ అబద్ధాలకు ప్రయోజనం కనిపిస్తుంది: బెల్లం ముక్క తీసింది నేను కాదు, గ్లాసు పగలగొట్టింది పిల్లి. చుక్కమ్మ వల్ల పాప ఏ శిక్షనూ తప్పించుకోలేదు, ఏ వస్తువునూ సంపాదించలేదు. ఒకవేళ రేపు "పుస్తకం చింపింది చుక్కమ్మే" అంటే, చుక్కమ్మ ఉందా లేదా అన్న చర్చలోకి దిగకుండా, "అయితే మీరిద్దరూ కలిసి అతికించండి, జిగురు నేనిస్తాను" అనండి. బాధ్యత పాప మీదే ఉంటుంది, ఆట చెడదు.

మీవారు రోజూ రాత్రి "నాన్నా పులి" కథ చెబుతున్నట్లు రాశారు. ఆ సందర్భానికి ఆ కథ గుర్తుకు రావడం సహజమే. ఈ విషయంలో ఆసక్తికరమైన పరిశోధన ఉంది. కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ తదితరులు 2014లో మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ పిల్లలతో చేసిన అధ్యయనంలో, అబద్ధమాడి కష్టాలపాలైన బాలుడి కథ, అంటే మన నాన్నా పులి వంటిదే, విన్న పిల్లలు మిగిలినవారికంటే ఎక్కువగా నిజం చెప్పలేదు. నిజం ఒప్పుకుని తండ్రి మెప్పు పొందిన బాలుడి కథ విన్నవారు చెప్పారు. నిజం చెబితే మేలు జరుగుతుందన్న కథ పనిచేసింది, అబద్ధం చెబితే పులి తింటుందన్న కథ పనిచేయలేదు. పైగా మీ ఇంట్లో ఇప్పుడు బిడ్డను తినే పులి కథ అసలే వద్దు. మీ అత్తగారికి ఆవు-పులి కథ తప్పక వచ్చి ఉంటుంది. దూడకు పాలిచ్చి తిరిగి వస్తానని మాట ఇచ్చిన ఆవు, ఆ మాట నిలబెట్టుకుంటే పులి మనసే మారిపోయింది. ఆ కథను అవ్వ చేత చెప్పించండి.

అవ్వ ప్రస్తావన వచ్చింది కనుక మంత్రం, తాయెత్తు గురించి. దిష్టి తీయడం, చేతికి దారం కట్టడం వల్ల పెద్దావిడ మనసు కుదుటపడుతుందంటే నేను అడ్డుచెప్పను. కాని "బిడ్డకు గాలి సోకింది" అని పాప ఎదుట అనవద్దని ఆమెను బతిమాలండి. తన ఆటలోని చిరుతకు పెద్దలే భయపడి మంత్రగాణ్ణి పిలిచారంటే, అది నిజంగా ఉందనడానికి పాపకు అంతకంటే పెద్ద రుజువు అక్కరలేదు. వాతలు పెట్టడం, కొట్టడం, పస్తు ఉంచడం, కళ్ళలో ముక్కులో ఏదైనా వేయడం వంటివి ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

ఇంట్లో చుక్కమ్మ పట్ల ఎలా ఉండాలి అని అడిగారు. పాప ఆటలోకి పిలిస్తే కొద్దిసేపు వెళ్ళండి, పిలవకపోతే మీరుగా ఎత్తవద్దు. పాప కంటే ముందుగా మీరే చుక్కమ్మకు పళ్ళెం పెట్టడం, "చుక్కమ్మ చూస్తోంది, అన్నం తిను" అని బెదిరించడం చేయవద్దు. అది పాప సృష్టి, దాన్ని మనం పెత్తనానికి వాడుకోకూడదు. "చుక్కమ్మ నిజమా?" అని పాపే సూటిగా అడిగితే సూటిగా జవాబివ్వండి: "అది నీ కథలోని చిరుత. నువ్వు కల్పించావు, బాగా కల్పించావు. కొండ మీద ఉండేవి వేరే చిరుతలు, అవి మాట్లాడవు, వాటి దగ్గరికి మనం పోము." ఈ తేడా మీ పాపకు ప్రాణావసరం. నిజమైన చిరుత తారసపడే అవకాశం ఉన్న చోట పెరుగుతున్న బిడ్డకు అడవిజంతువు స్నేహం చేయదన్న సంగతి ఏ సందిగ్ధమూ లేకుండా తెలిసి ఉండాలి.

ఫోను విషయం కూడా చెప్పాలి. మాట్లాడే జంతువుల బొమ్మల కథలు ఒకప్పుడు చూడగానే బొమ్మలని తెలిసేవి. ఇప్పుడు కృత్రిమ మేధతో తయారుచేసిన వీడియోలలో చిరుత ఇంటి గడపలో కూర్చుని పాలు తాగుతూ కనిపిస్తుంది, అది అచ్చం సీసీ కెమెరా దృశ్యంలా ఉంటుంది, పెద్దలే నిజమనుకుని పదిమందికి పంపుతున్నారు. బొమ్మ అని గుర్తుపట్టడానికి పిల్లలు ఆధారపడే ఆనవాళ్ళు వాటిలో ఉండవు. కొన్నాళ్ళు చిరుత వార్తలూ, వీడియోలూ పాప కంటపడకుండా చూడండి. దానికి బదులు కాగితం, రంగులు ఇచ్చి చుక్కమ్మను గీయమనండి. పాప చెప్పిన మాటలను మీరు కింద రాసి, పైన "పాప చెప్పిన కథ" అని పేరు పెట్టి గోడకు అంటించండి. బడిలో చెప్పాలనిపిస్తే "నేనొక కథ చెబుతాను" అని మొదలుపెట్టడం నేర్పండి. తోటి పిల్లల తల్లిదండ్రుల నుంచి మీకు వచ్చే ఫోన్లలో చాలావాటిని ఈ అలవాటు ఒక్కటే ఆపుతుంది.

ఏ లక్షణాలు కనిపిస్తే వైద్యుని దగ్గరికి పోవాలో కూడా తెలుసుకోవాలి. చుక్కమ్మ తనను గాని, ఇతరులను గాని గాయపరచమని చెబుతోందని పాప అంటే, వద్దనుకున్నా ఆ గొంతు ఆగడం లేదని బాధపడితే, తోటి పిల్లలతో ఆట పూర్తిగా మానేస్తే, వారాల తరబడి నిద్ర లేకపోతే, వచ్చిన మాటలు పోయినా, మానిన పక్క తడపడం మళ్ళీ మొదలైనా ఆలస్యం చేయకండి. కళ్ళు ఒకేచోట నిలిచిపోయి పిలిస్తే పలకకపోవడం, ఒకే దృశ్యం కొద్ది క్షణాలు కనిపించి మాయమవడం, దానితోపాటు చేతులో ముఖమో అదరడం మూర్ఛకు సంబంధించినవి కావచ్చు. జ్వరంలోనూ, కొత్త మందు మొదలుపెట్టినప్పుడూ లేనివి కనిపిస్తే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. పదమూడేళ్ళలోపు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మనోవ్యాధి మొదలవడం బహు అరుదు, మీ భయం అదే అయితే ఈ మాటను గట్టిగా పట్టుకోండి.

ఇంకొక విషయంలో మాత్రం ఊహ అన్న మాటను ఎన్నడూ తొందరపడి వాడకండి. ఒక మనిషి తనను తాకాడనీ, నొప్పి పెట్టాడనీ, ఎవరికీ చెప్పవద్దన్నాడనీ బిడ్డ చెబితే, లేదా ఆ వయసుకు తెలిసే అవకాశం లేని శరీర సంబంధమైన వివరాలు ఆటలో బయటపడితే, అది కథ అని తోసివేయకూడదు. పిల్లలు ఒక్కోసారి పేరు చెప్పలేక జంతువు చాటున చెబుతారు. అప్పుడు కూడా పైన చెప్పిన పద్ధతే: ఒక్కసారి, ఒక్కరు, బిడ్డ మాటల్లోనే విని, ఉన్నది ఉన్నట్లు రాసి పెట్టుకుని, పిల్లల సహాయవాణి 1098కు గాని పోలీసులకు గాని తెలియజేయాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలా తెలియజేయడం పెద్దల బాధ్యత. మీరు రాసిన దానిలో అటువంటి సూచన నాకు కనిపించలేదు, అయినా పాపకు స్నానం చేయించేటప్పుడు ఒంటిమీద గాయమేదైనా ఉందేమో మామూలుగా చూసుకోండి. "కరిచింది" అని బిడ్డ అన్నప్పుడు ఆ మాత్రం చూడటం మన విధి.

బడిలో టీచరమ్మతో పాప లేనప్పుడు మాట్లాడండి. ఇంటి దగ్గర చూశామనీ, చిరుత జాడ లేదనీ, పాప ఒక కథను అల్లుతోందనీ, తరగతిలో దాన్ని అబద్ధమని నిలదీయవద్దనీ, నిజమైన వార్తగా పిల్లల మధ్య పాకనివ్వవద్దనీ చెప్పండి. ఫోన్ చేసిన తల్లిదండ్రులకూ అదే చెప్పండి. వారి ఇళ్ళు కూడా కొండ వైపే ఉంటే రాత్రి మిద్దె తలుపు మూయమని కలపండి. ఇది ఎప్పుడు తగ్గుతుందన్న మీ చివరి ప్రశ్నకు: చాలామంది పిల్లలలో ఏడెనిమిదేళ్ళకు ఊహాస్నేహితుల ప్రస్తావన తగ్గుతుంది, కొందరిలో ఇంకొన్నేళ్ళు రహస్యంగా సాగుతుంది, రెండూ మామూలే. భయం, నిద్ర, బడి ఈ మూడింటిలో నెల రోజుల తరువాత కూడా మార్పు కనిపించకపోతే పాపను ఒకసారి ఎవరైనా పిల్లల మానసిక నిపుణుల దగ్గరికి తీసుకువెళ్ళండి, వెళ్ళేటప్పుడు పాప గీసిన బొమ్మలనూ, మీరు రాసి పెట్టిన మాటలనూ తేదీలతో సహా వెంట తీసుకుపోండి.